రాత్రిపూట మంచి ఫోటోలు తీయడం ఎలా? ఫోన్‌తోనైనా, కెమెరాతోనైనా దశలవారీగా

దీపావళి మర్నాడు, కార్తీక పౌర్ణమి మర్నాడు నన్ను అందరూ దాదాపు ఒకే ప్రశ్న అడుగుతారు. "కంటికి ఎంతో బాగా కనిపించింది, ఫోటోలో మసగ్గా వచ్చింది. కెమెరా మార్చాలా?" అని. చాలామందికి మార్చక్కర్లేదు. రాత్రి ఫోటోలు ఎక్కువగా పాడయ్యేది రెండు కారణాల వల్ల: చెయ్యి కదలడం, బాగా చీకటి పడ్డాక బయల్దేరడం. ఈ రెండూ సరిచేసుకుంటే నాలుగేళ్ళ పాత ఫోన్‌తో కూడా గోడకి తగిలించుకునే ఫోటో వస్తుంది. సరిచేసుకోకపోతే లక్ష రూపాయల కెమెరా కూడా మసకే ఇస్తుంది.

కింద రాసినవి నేను పాటించే వరుసలోనే ఉన్నాయి. మొదటిసారి ఆ వరుస మార్చకుండా చేసి చూడండి.

## 1. చీకట్లో కెమెరా ఏం చేస్తుందో తెలుసుకోండి

ఎండాకాలంలో సన్నగా వచ్చే కుళాయి కింద బిందె పెట్టారనుకోండి. అది నిండాలంటే ఎక్కువసేపు ఉంచాలి, లేదా కుళాయి ఇంకాస్త తిప్పాలి. కెమెరాలో ఆ "ఎంతసేపు" అనేదే షట్టర్ స్పీడ్. "ఎంత తిప్పాం" అనేది అపెర్చర్. ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ లెన్సు పెద్దగా తెరుచుకుంటుంది. ఎఫ్/1.8 అంటే బాగా తెరిచినట్టు, ఎఫ్/11 అంటే బాగా మూసినట్టు.

మూడోది ఐఎస్ఓ. ఇది కొత్తగా వెలుతురు తీసుకురాదు. వచ్చిన కొద్ది వెలుతురునే మైకులో గొంతు పెంచినట్టు పెంచుతుంది. గొంతుతో పాటు గరగర కూడా పెరుగుతుంది కదా, ఫోటోలో ఆ గరగరే నాయిస్. నీడల్లో కనిపించే రంగురంగుల చుక్కలు అవే.

ఫోన్‌లో నైట్ మోడ్ పెడితే అది వరసగా చాలా ఫోటోలు తీసి, ఒకదాని మీద ఒకటి సరిపెట్టి, కలిపి ఇస్తుంది. తెర మీద "కదలకుండా పట్టుకోండి" అని ఉన్నంతసేపూ అది పని చేస్తూనే ఉంటుంది. మనం మధ్యలో చెయ్యి దించేస్తే అన్నీ సరిగ్గా కలవవు.

అందుకే బటన్ నొక్కే ముందు ఒక్కటి తేల్చుకోండి: ఫ్రేములో ముఖ్యమైనది కదిలేదా, కదలనిదా? గోపురం, వంతెన, కొండ కదలవు. వాటికి స్టాండు (ట్రైపాడ్) వేసి, ఐఎస్ఓ తగ్గించి, ఎక్కువ సెకన్లు ఇవ్వొచ్చు. పిల్లలు, ఊరేగింపు, నాట్యం కదులుతాయి. వాటికి స్టాండు ఉన్నా లాభం ఉండదు, ఐఎస్ఓ పెంచక తప్పదు. మిగతా సెట్టింగ్‌లన్నీ ఈ నిర్ణయం తర్వాతే.

## 2. ఏ రోజు, ఏ వేళ, ఏ వైపు: ఇంట్లోనే తేల్చుకోండి

రాత్రి ఫోటోకి అన్నిటికంటే మంచి వేళ అసలు రాత్రి కాదు. సూర్యుడు అస్తమించాక సుమారు 15 నుంచి 30 నిమిషాల మధ్య ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది. అప్పటికి దీపాలు వెలిగి ఉంటాయి, ఆకాశంలో ఇంకా కొంచెం వెలుగుంటుంది. రెండిటి వెలుతురూ దాదాపు సమానంగా ఉండే సమయం అది. మరో అరగంట ఆగితే ఆకాశం నల్లబడి, దీపాలు తెల్లటి మచ్చల్లా వస్తాయి. మన అక్షాంశాల దగ్గర సంధ్య తొందరగా ముగిసిపోతుంది కాబట్టి పది నిమిషాలు ఆలస్యమైనా ఆ రంగు దొరకదు.

గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ ఇక్కడ బాగా పనికొస్తుంది. సూర్యాస్తమయం, తిథి రెండూ అందులో ఉంటాయి. నక్షత్రాల కోసమైతే అమావాస్యకి అటూ ఇటూ మూడు నాలుగు రోజులు చూసుకోండి. చంద్రోదయం కావాలంటే పౌర్ణమి, లేదా దాని ముందు రోజు.

దిక్కు కూడా చూసుకోండి. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున ఉంది, కాబట్టి ఘాట్‌లో నిలబడితే కొవ్వూరు వైపు, నది అవతల, సూర్యుడు దిగుతాడు. సంధ్య వెలుగంతా వంతెనల వెనక ఉంటుంది. విశాఖ బీచ్ రోడ్డులో దీనికి పూర్తిగా వ్యతిరేకం. సముద్రం తూర్పున ఉంది, కాబట్టి నీటి మీద చీకటి ముందే పడుతుంది. కానీ పౌర్ణమి చంద్రుడు అదే నీటిలోంచి లేస్తాడు. అదే కెమెరా, అదే వేళ, కానీ ఒక ఊళ్ళో సంధ్య కోసం వెళ్ళాలి, ఇంకో ఊళ్ళో చంద్రుడి కోసం.

వీలైతే పగలు ఒకసారి వెళ్ళి నిలబడే చోటు చూసి రండి. చీకట్లో మురికి కాలవ, తెగిన మెట్టు కనిపించవు.

బయల్దేరే ముందు:

- బ్యాటరీ నిండా ఛార్జ్, కెమెరాకైతే ఇంకొకటి అదనంగా
- మెమరీ కార్డులో లేదా ఫోన్‌లో ఖాళీ
- ట్రైపాడ్, ఫోన్‌కైతే దాని క్లాంపు
- కళ్ళజోడు తుడుచుకునే మెత్తటి గుడ్డ
- చిన్న టార్చిలైటు (ఫోన్ టార్చి వాడితే ఫోటో తీసే ఫోన్ బ్యాటరీయే పోతుంది)
- బూట్లు, పొలాల్లోకైతే తప్పనిసరిగా
- ఎక్కడికి వెళ్తున్నామో ఇంట్లో ఒకరికి చెప్పడం, వీలైతే ఒకరిని తోడు తీసుకెళ్ళడం

అనుమతి గురించి ఒక మాట. చార్మినార్, గండికోట లాంటి పురావస్తు శాఖ కట్టడాల లోపల ట్రైపాడ్ వాడాలంటే ముందుగా అనుమతి కావాలి. రక్షణ శాఖ ప్రాంతాల దగ్గర, ఫోటోలు తీయరాదని బోర్డు ఉన్నచోట కెమెరా బయటికి తీయకండి. రైలు పట్టాల మీద, ఫ్లైఓవర్ మీద వాహనాలు వెళ్ళే దారిలో నిలబడొద్దు. అక్కడి నుంచి వచ్చే ఫోటో ఎంత బాగున్నా సరే, వద్దు.

## 3. లెన్సు తుడవండి

దీనికి విడిగా శీర్షిక ఎందుకంటే, నాకు చూపించే ఫోన్ ఫోటోల్లో దీపాల చుట్టూ చీపురుపుల్లల్లా సాగిన గీతలే ఎక్కువ. అది ఫోన్ లోపం కాదు, వేలి జిడ్డు. పగలు తెలియదు. రాత్రి ప్రతి బల్బూ ఆ జిడ్డుని చూపిస్తుంది.

నోటితో కొద్దిగా ఆవిరి పట్టి, మెత్తటి గుడ్డతో గుండ్రంగా తుడవండి. బీచ్‌లో అయితే ఉప్పు తుంపర పడుతూనే ఉంటుంది, పావుగంటకోసారి తుడవాలి. చొక్కా అంచుతో తుడిస్తే ఇసుక రేణువు గీత పెట్టేస్తుంది, జాగ్రత్త.

ఏసీ కారులోంచి ఉక్కపోతలోకి దిగగానే లెన్సు మీద పొగమంచులా పడుతుంది. తుడిచినకొద్దీ మళ్ళీ వస్తుంది. దిగడానికి ఓ పావుగంట ముందే ఏసీ ఆపి, అద్దాలు దించి, కెమెరాని బ్యాగులోనే ఉంచండి. బయటి వేడికి అది నెమ్మదిగా అలవాటు పడుతుంది. అరకు, లంబసింగి చలిరాత్రుల్లో కెమెరా ఎక్కువసేపు బయట ఉంటే లెన్సు మీద మంచు పడుతుంది. అప్పుడప్పుడు టార్చి వేసి అద్దం చూసుకోండి.

## 4. కెమెరాని కదలకుండా నిలబెట్టండి

ట్రైపాడ్ ఉంటే కాళ్ళు వెడల్పుగా చాపండి. ముందు లావు కాళ్ళే బయటికి లాగండి, సన్నవి చివర్లో. మధ్య స్తంభం పైకి లేపకండి, అది లేచేకొద్దీ ఊగుతుంది. గాలి ఉంటే కింద కొక్కేనికి మీ బ్యాగు తగిలించండి. బ్యాగు గాల్లో ఊగకుండా నేలకి కాస్త ఆనేలా చూడండి.

ట్రైపాడ్ లేదా? పిట్టగోడ, బండి సీటు, ఘాట్ మెట్టు, మూసి ఉన్న కొట్టు అరుగు, ఏదైనా సరే. రెండు కిలోల బియ్యం పోసి గట్టిగా మూతి కట్టిన గుడ్డ సంచి నా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దాని మీద కెమెరాని అదిమి కూర్చోబెడితే ఏ వాలుకైనా సర్దుకుంటుంది. ఫోన్‌ని పర్సుకి ఆనించి నిలబెట్టినా చాలు.

చేత్తోనే తీయాల్సి వస్తే మోచేతులు పక్కటెముకలకి ఆనించండి, వీపు గోడకి లేదా స్తంభానికి ఆనించండి. ఊపిరి వదిలేసి, మళ్ళీ పీల్చే ముందు నొక్కండి. వరసగా ఐదారు తీయండి, ఒకటి రెండు నికార్సుగా వస్తాయి.

బటన్‌ని వేలితో నొక్కినప్పుడు కలిగే అదురు కూడా ఫోటోలో పడుతుంది. 2 సెకన్ల టైమర్ పెట్టండి. చాలా ఫోన్లలో వైరు ఇయర్‌ఫోన్ వాల్యూమ్ బటన్ నొక్కితే ఫోటో పడుతుంది, అదే మీ రిమోట్. ఇంకొకటి: కెమెరా ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు లెన్సు మీది స్టెబిలైజేషన్ (చేతి అదురుని సర్దే ఏర్పాటు) ఆపేయండి. కొన్ని లెన్సుల్లో అది లేని కదలికని వెతుకుతూ తనే కదులుతుంది.

## 5. సెట్టింగ్‌లు ఈ వరుసలో పెట్టండి

కెమెరా అయితే:

1. ఫ్లాష్ ఆపండి. దాని వెలుగు కొద్ది మీటర్లకి మించి సరిగ్గా అందదు. గోపురానికి ఫ్లాష్ కొట్టి లాభం లేదు.
2. రా ఫైల్ (కెమెరా పట్టింది పట్టినట్టే దాచే ఫైల్) ఆన్ చేయండి. రంగులు, నీడలు తర్వాత సరిచేసుకోవడానికి వీలుంటుంది.
3. మాన్యువల్ మోడ్‌కి, అంటే అంకెలన్నీ మనమే పెట్టే మోడ్‌కి మార్చండి.
4. వైట్ బ్యాలెన్స్ (ఫోటో పసుపుగా వస్తుందా, నీలంగా వస్తుందా అనేది తేల్చే సెట్టింగ్) 3500 నుంచి 4000 కెల్విన్ మధ్య పెట్టండి. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫోటో ఒక్కో రంగులో వస్తుంది.
5. కట్టడాలకి అపెర్చర్ ఎఫ్/8. మనుషులకి, నక్షత్రాలకి లెన్సు ఎంత తెరుచుకుంటే అంత.
6. స్టాండు మీద, కదలని వాటికి ఐఎస్ఓ 100.
7. షట్టర్ చివర్లో, పరీక్ష ఫోటో చూసి తేల్చండి.

ఈ పరీక్ష ఫోటోకి ఒక సులువు ఉంది. 30 సెకన్లు ఆగి, నచ్చక, మళ్ళీ 30 సెకన్లు ఆగుతూ కూర్చుంటే నీలాకాశం కాస్తా పోతుంది. ఐఎస్ఓ 3200 పెట్టి 1 సెకను తీయండి. వెలుతురు బాగుందనిపిస్తే, ఐఎస్ఓ 100 దగ్గర అదే వెలుతురుకి 32 రెట్లు సమయం కావాలి, అంటే దాదాపు 30 సెకన్లు. ఫ్రేము, వాలు, ఫోకస్ అన్నీ ఈ ఒక్క సెకను ఫోటోల్లోనే సరిచూసుకుని, చివర్లో అసలు ఫోటో తీయండి.

ఫోన్ అయితే:

1. నైట్ మోడ్ ఆన్ చేయండి. స్టాండు మీద పెడితే చాలా ఫోన్లు తమంతట తామే ఎక్కువ సెకన్లు ఇస్తాయి.
2. 1x లెన్సే వాడండి. ఎక్కువ ఫోన్లలో మంచి సెన్సర్ (వెలుతురు పట్టే పలక) దాని వెనకే ఉంటుంది. 0.5x లెన్సు చీకట్లో సాధారణంగా తేలిపోతుంది.
3. వేళ్ళతో జూమ్ చేయకండి. ఇంటికొచ్చాక కత్తిరించుకోవచ్చు.
4. ముఖ్యమైన దాని మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది. పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగండి.

ఆ నాలుగోది చాలా ముఖ్యం. చీకటి దృశ్యాన్ని చూడగానే ఫోన్ దాన్ని పగలులా చేయాలని చూస్తుంది. అందుకే ఆకాశం బూడిద రంగులో, దీపాలు తెల్ల మచ్చల్లా వస్తాయి. వెలుతురు కాస్త తగ్గిస్తే రాత్రి రాత్రిలా ఉంటుంది.

## 6. ఫోకస్: తొందరపడితే అన్నీ పోయేది ఇక్కడే

కొన్నేళ్ళ క్రితం ఒక కార్తీక పౌర్ణమి రాత్రి గుడి కోనేటి దగ్గర నలభై దాకా ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి పెద్ద తెర మీద చూస్తే ఒక్కదాంట్లో కూడా దీపాల వరుస నికార్సుగా లేదు. నాకు రెండడుగుల దూరంలో కట్టిన మామిడాకుల తోరణం మాత్రం ఈనెలతో సహా స్పష్టంగా ఉంది. ఆటో ఫోకస్ ప్రతిసారీ దాన్నే పట్టుకుంది. కెమెరా వెనక చిన్న తెర మీద అన్నీ బాగున్నట్టే కనిపించాయి. చాలా బాధేసింది. ఆ రోజు నుంచి ఈ వరుస తప్పలేదు:

1. ఫ్రేములో ముఖ్యమైన వస్తువు దూరంలోనే ఉన్న ఒక వెలుతురు అంచు వెతకండి. దీపస్తంభం, కిటికీ అంచు, బోర్డు మీద అక్షరాలు, ఏదైనా.
2. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనక తెర మీద, అక్కడ పది రెట్లు పెద్దది చేసి చూడండి.
3. ఆటో ఫోకస్‌తో దాన్ని పట్టుకోండి. పట్టకపోతే చేత్తో రింగు తిప్పండి. వెలుగు చుక్క ఎప్పుడు అతి చిన్నదవుతుందో అక్కడ ఆపండి.
4. వెంటనే మాన్యువల్ ఫోకస్‌కి మార్చండి. ఇక ఆ రింగు ముట్టుకోవద్దు.
5. మొదటి ఫోటో తీశాక, దాన్ని పెద్దది చేసి చూడండి. చోటు మారిన ప్రతిసారీ మళ్ళీ మొదటి నుంచి.

లెన్సు మీద పడుకున్న ఎనిమిది లాంటి అనంత గుర్తు ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మకండి. చాలా లెన్సుల్లో అసలు ఫోకస్ ఆ గుర్తుకి కాస్త ఇటే ఉంటుంది.

## 7. మొదటి సాయంత్రం: ఘాట్‌లో నిమిషం నిమిషం

రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ వైపు నుంచి గోదావరి ఆర్చి వంతెన అనుకుందాం. కార్తీకంలో అక్కడ ఐదున్నర ప్రాంతంలో సూర్యుడు అస్తమిస్తాడు. కింది అంకెలు ఎఫ్/8, ఐఎస్ఓ 100 దగ్గర నాకు సుమారుగా వచ్చేవి. మీకు కొంచెం అటూ ఇటూ ఉంటాయి.

అస్తమయానికి 40 నిమిషాల ముందు. స్టాండు వేసేయండి. క్షితిజరేఖ సరిగ్గా ఉందో చూడండి. వంతెన వాలిపోయినట్టు వస్తే తర్వాత కత్తిరించాల్సి వస్తుంది, అంచులు పోతాయి. ఫోకస్ పట్టి, లాక్ చేయండి.

అస్తమయమయ్యాక 10 నిమిషాలు. షట్టర్ పావు సెకను దగ్గర. దీపాలు ఇంకా పల్చగా ఉంటాయి. చాలామంది ఇప్పుడే సర్దుకుని వెళ్ళిపోతారు. ఆగండి.

20 నిమిషాలు. షట్టర్ 4 సెకన్ల దగ్గర. ఆకాశం నీలం, పడమట అంచున నారింజ. నీళ్ళు నునుపుగా అద్దంలా వస్తాయి, దీపాల నీడలు పొడవుగా సాగుతాయి. ఈ పది నిమిషాల్లో ఫ్రేము మార్చకుండా నిమిషానికొకటి తీయండి. ఏది బాగా వచ్చిందో ఇంటి దగ్గర తేలుతుంది.

రైలు వస్తే అదృష్టమే. వెలుగుతున్న బోగీ కిటికీలు కొన్ని సెకన్ల ఫోటోలో వంతెన మీద ఒక పసుపు గీతగా మారతాయి. ఇంజను ఫ్రేములోకి రాకముందే బటన్ నొక్కండి.

30 నిమిషాలు. షట్టర్ 15 సెకన్ల దాకా. నీలం ముదురుతుంది. ఆ తర్వాత ఆకాశం నల్లబడుతుంది, కెమెరాని కిందికి దించి మెట్ల మీది దీపాల వైపు తిప్పండి.

## 8. దీపాలు, మనుషులు

రాత్రి తీసే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. దీపం వెలుగులో ముఖం తీయడానికి ఫ్లాష్ వద్దు, నైట్ మోడ్ కూడా వద్దు. మనిషి కదులుతాడు.

దీపం ముఖానికి దగ్గరగా, రెండడుగుల లోపు ఉండాలి. దూరం రెట్టింపైతే ఒక్క దీపం నుంచి ముఖం మీద పడే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. ఎఫ్/1.8 లెన్సు ఉంటే ఐఎస్ఓ 1600, షట్టర్ 1/80 సెకను. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్సుతో అయితే ఐఎస్ఓ 3200, 1/40, మనిషి ఒక్క క్షణం కదలకుండా ఉండాలి. ఫోకస్ దగ్గరి కంటి మీద. వెలుతురు ముఖానికి చూసి పెట్టండి, దీపజ్వాల కొంచెం తెల్లబడినా పర్వాలేదు.

ఒక ఉదాహరణ. పోలి పాడ్యమి నాడు తెల్లవారకముందే ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదులుతారు. ముందు రోజే అమావాస్య కాబట్టి వెన్నెల ఉండదు. మసక నీలం, దొప్పలో పసుపు రాసిన ఒత్తి వెలుగు, దాని చుట్టూ నీటి మీద అరచేయంత బంగారు రంగు. వదిలే ముందు దొప్పని రెండు చేతులతో పట్టుకుని దండం పెట్టుకుంటారు, ఆ రెండు మూడు సెకన్లే మీ సమయం. మోకాలి మీద కూర్చుని, దీపం ఎత్తుకి కెమెరా దించండి. నిలబడి పై నుంచి తీస్తే దొప్ప మాత్రమే వస్తుంది, ముఖం రాదు. నీటి మీద తేలుతున్న దొప్పలకి 1/60 కంటే నెమ్మది షట్టర్ వద్దు, గీతలైపోతాయి.

అడగకుండా తీయకండి. "అమ్మా, మీరు దీపం వదిలేటప్పుడు ఒక్క ఫోటో తీసుకోనా?" అంటే చాలామంది సరే అంటారు. వద్దంటే అక్కడితో ఆపేయాలి. స్నానాలు చేస్తున్న వైపు కెమెరా తిప్పనే కూడదు. తీశాక చూపించండి, కావాలంటే పంపిస్తానని చెప్పి, పంపించండి.

పెళ్ళి ఊరేగింపు, జాతర, రాత్రి ముహూర్తాలకి: మనిషిని వెలుతురు వైపు తిప్పడమే అసలు పని. కొట్టు ముందు ట్యూబ్‌లైటు, మిఠాయి దుకాణం అద్దాల బీరువా వెలుగు ముఖం మీద మెత్తగా పడతాయి. తల మీద నేరుగా బల్బు ఉన్నచోట నిలబెడితే కళ్ళ కింద నల్లటి గుంటలు పడతాయి. రెండడుగులు వెనక్కి జరపండి, చాలు.

మండపంలో ఎల్ఈడీ దీపాల కింద ఫోటో మీద అడ్డంగా నల్లటి చారలు వస్తే భయపడకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చాలా దీపాలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే ఎక్కువసార్లు చారలు పోతాయి.

## 9. టపాసులు, రోడ్లు

ఆకాశంలో పేలేవి. స్టాండు, ఐఎస్ఓ 100, ఎఫ్/11, ఫోకస్ ముందే లాక్. బల్బ్ మోడ్‌లో (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది) రాకెట్టు పైకి లేవగానే నొక్కి, పూర్తిగా విచ్చుకున్నాక వదలండి, 2 నుంచి 4 సెకన్లు పడుతుంది. మొదటి పది నిమిషాల్లోనే మంచివి తీసుకోండి. తర్వాత పొగ కమ్మేస్తుంది. గాలి మీ వెనక నుంచి వీచే చోట నిలబడితే పొగ అటు పోతుంది.

కాకరపువ్వొత్తితో పిల్లలు. గాల్లో గీసే అక్షరాలు కావాలంటే ఎఫ్/8, ఐఎస్ఓ 100, 4 సెకన్లు. పిల్లల ముఖం కావాలంటే 1/60, ఐఎస్ఓ 1600, ఎఫ్/2.8 దగ్గర మొదలుపెట్టండి. రెండూ ఒకే ఫోటోలో అడగకండి. చిచ్చుబుడ్డి వెలిగినప్పుడు దానికేసి కాకుండా చూసేవాళ్ళ ముఖాల కేసి తిప్పండి. ఆ కాసేపూ వీధంతా వెలుగే. పిల్లల పక్కన పెద్దవాళ్ళు ఒకరు, బకెట్టు నీళ్ళు ఉండాలి.

వాహనాల దీపాల గీతలు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి మీద నుంచి, ఎఫ్/11, ఐఎస్ఓ 100, 10 నుంచి 20 సెకన్లు. బస్సు కింద నుంచి వెళ్తుంటే బ్రిడ్జి అదురుతుంది, అది ఆగాక నొక్కండి. హైదరాబాద్ దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి లాంటి రంగులు మారే దీపాలకి ఇది పనికిరాదు. 20 సెకన్లలో రంగులన్నీ కలిసి ముద్దయిపోతాయి. ఐఎస్ఓ 400 పెట్టి 2 సెకన్ల లోపు ముగించండి. వంతెన మీద బండి ఆపి కాదు, చెరువు గట్టు వైపు నుంచి తీయండి.

## 10. చంద్రుడు, నక్షత్రాలు

చంద్రుడి మీద పడేది ఎండే. అందుకే పగటి సెట్టింగ్‌లే సరిపోతాయి: నిండు చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్/11, 1/100 దగ్గర మొదలుపెట్టండి. ఫోన్‌లో చంద్రుడి మీద నొక్కి, వెలుతురు బాగా కిందికి లాగండి. చంద్రుడితో పాటు ఊరు కూడా కనిపించాలంటే పౌర్ణమి ముందు రోజు సాయంత్రం వెళ్ళండి. ఆ రోజు చంద్రుడు సూర్యాస్తమయానికి ముందే ఉదయిస్తాడు. కాబట్టి నీలి వేళకి రెండిటి వెలుతురూ సరిపోతుంది.

నక్షత్రాలకి ఓపిక కావాలి. భూమి తిరుగుతుంటుంది కాబట్టి ఎక్కువ సెకన్లు తీస్తే చుక్కలు గీతలవుతాయి. ఎంతసేపు తీయొచ్చో ఒక లెక్క ఉంది: 500ని లెన్సు మిల్లీమీటర్లతో భాగించండి. చిన్న సెన్సర్ కెమెరాల్లో ముందు మిల్లీమీటర్లని 1.5తో గుణించాలి. కిట్ లెన్సు 18 అంటే 27, అంటే సుమారు 18 సెకన్లు. నేనైతే 12 దగ్గరే ఆపుతాను, పెద్దది చేసి చూసినా చుక్కలు గుండ్రంగా ఉంటాయి. ఐఎస్ఓ 3200, ఎఫ్/3.5.

పాలపుంత నడిబొడ్డు వృశ్చిక రాశి తోకకి, అంటే మూల నక్షత్రానికి కాస్త ఉత్తరాన ఉంటుంది. మన దగ్గర అది దక్షిణ దిక్కున, సగం ఆకాశం ఎత్తు దాకా లేస్తుంది. మార్చిలో తెల్లవారుజామున మూడు నుంచి, ఏప్రిల్లో అర్ధరాత్రి దాటాక, మేలో పదిన్నర పదకొండు నుంచి బాగా కనిపిస్తుంది. జూన్ నుంచి మబ్బులు. చోటు ఎంచుకునేటప్పుడు పట్నం మీకు ఉత్తరాన ఉండేలా చూసుకోండి. దక్షిణాన పట్నం ఉంటే దాని వెలుగు సరిగ్గా పాలపుంత కిందే పరుచుకుంటుంది.

కళ్ళు చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. టార్చికి ఎర్ర రంగు కాగితం చుట్టండి. గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం ఆ కాగితం తీసేసి, అడుగు అడుగుకీ వెలుగు వేసుకుని నడవండి. వేసవి రాత్రుల్లో పాములు తిరుగుతాయి.

## 11. ఫోటో చూడగానే తప్పు పట్టుకోవడం

- అంతా ఒకే వైపు సాగినట్టుంది: కెమెరా కదిలింది. టైమర్ పెట్టండి, స్టాండు కాళ్ళు చూడండి.
- ఒక మనిషే మసక, గోడ నికార్సు: షట్టర్ నెమ్మది. ఐఎస్ఓ రెట్టింపు చేసి, సమయం సగం చేయండి.
- దగ్గరిది స్పష్టం, దూరంది మసక: ఫోకస్ తప్పు. 6వ దశకి వెళ్ళండి.
- దీపాల చుట్టూ పొగలాంటి వెలుగు: జిడ్డు లేదా తేమ. తుడవండి.
- ఫ్రేములో ఆకుపచ్చ చుక్కలు తేలుతున్నాయి: బలమైన దీపం లెన్సులో ప్రతిఫలిస్తోంది. లెన్సు ముందు బిగించిన యూవీ ఫిల్టర్ (రక్షణ అద్దం) తీసేయండి, లేదా కోణం కొంచెం మార్చండి.
- అక్కడ బాగుంది, ఇంట్లో చూస్తే నల్లగా ఉంది: చీకట్లో తెర ఎప్పుడూ ఎక్కువ వెలుగ్గా కనిపిస్తుంది. తెర ప్రకాశం తగ్గించి, హిస్టోగ్రాం (ఫోటోలో చీకటి ఎడమ పక్క, వెలుగు కుడి పక్క చూపించే గ్రాఫు) చూసి నిర్ణయించండి. గ్రాఫు మొత్తం ఎడమ గోడకి అతుక్కుపోకూడదు.
- ఒక ఫోటో తీశాక కెమెరా అంతేసేపు ఆగిపోతోంది: పాడవలేదు. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఎక్కువ సెకన్ల ఫోటోలో నాయిస్ తగ్గించే సెట్టింగ్) ఆన్‌లో ఉంది. టపాసులప్పుడు ఆపేయండి.

## 12. ఇంటికొచ్చాక

ఎడిటింగ్‌లో నా వరుస చిన్నది. మొదట వైట్ బ్యాలెన్స్, తర్వాత వాలు సరిచేయడం, తర్వాత హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) తగ్గించి దీపాల్లో వివరం తేవడం, చివర్లో నాయిస్. నీడలని బాగా పైకి లాగితే దాగున్న నాయిస్ అంతా బయటపడుతుంది, రాత్రి కాస్తా మబ్బు పట్టిన పగలులా మారుతుంది. నాయిస్ పూర్తిగా తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా అవుతాయి, సగం దగ్గరే ఆపండి.

ప్రతి ఫోటో వెనక షట్టర్, ఐఎస్ఓ, అపెర్చర్ అంకెలు ఫైల్లోనే ఉంటాయి. బాగా వచ్చిన మూడు, పాడైన మూడు ఎంచుకుని, వాటి అంకెలు, అస్తమయం తర్వాత ఎన్ని నిమిషాలకి తీశారో ఒక నోట్‌బుక్కులో రాసుకోండి. వచ్చే పౌర్ణమికి అదే ఘాట్‌కి వెళ్ళినప్పుడు పరీక్ష ఫోటోలతో సమయం పోదు. కార్డు ఫార్మాట్ చేసేది ఫోటోలు రెండు చోట్ల దాచుకున్నాకే.